పాండిసెల్వి ముక్కు

పాండిసెల్వి దగ్గర కంపు కొడుతోంది. ఆ సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసు. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

తమిళనాడులో తళవాయిపురం నుంచి రాజపాళయం పోయే షేర్ ఆటోలో ఆమె పక్కన ఇరుక్కున్నవాళ్లు మొహాలు బయటికి తిప్పుకునేవాళ్లు. బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డులో మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పే వేళకి ఆమె కూర్చున్న చాప మీద ఆమె ఒక్కతే మిగిలేది. ఒకతెకు ఫోను వచ్చేది, ఇంకొకతెకు దాహం వేసేది, మరొకతెకు ఎండలో కూర్చోవాలని బుద్ధి పుట్టేది. అందరూ మర్యాదస్తులే! మొహం మీద చెబితే మనసు నొచ్చుకుంటుందట. మనసు నొచ్చుకోకుండా మనిషి చచ్చిపోతే వీళ్లకు పరవాలేదన్నమాట.

ఆమెకు ఎందుకు తెలియలేదంటే, వాసన తెలిసే నరం ఆమెకు లేదు. రెండేళ్ల కిందట మదురైలో ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డ పుట్టిందే ఆ నరంలో. ముక్కు లోపల పైకప్పు మీద, మెదడుకు సరిగ్గా కింద పుట్టింది. లక్షల్లో ఒకరికి వచ్చే కాన్సర్ అది. ముక్కులోంచే గొట్టం పంపి గడ్డనూ, నరాన్నీ, పైకప్పు ఎముకనూ, రెండు రంధ్రాల మధ్య గోడలో చాలా భాగాన్నీ తీసేశారు. మెదడుకు అడ్డంగా తొడలోంచి తీసిన పొరను అతికించారు. ఆ తర్వాత కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు. నోరంతా పుండ్లు పడి, గంజి కూడా మింగలేకపోయింది. అయినా బతికింది. సాంబారు మాడినా తెలియని ముక్కుతో, ఇంట్లో తిట్లు తింటూ, నవ్వుతూ బతికింది.

రోగం అంత దూరం పోవడానికి కారణం కూడా చెప్పాలి.

ఆమె పనిచేసే షెడ్డులో పుండ్లకు కట్టే పల్చటి గుడ్డ నేస్తారు. మగ్గాలు ఆడుతుంటే దూది నూగు లేచి గాలంతా తెల్లగా ఉంటుంది. మాస్కులు ఇవ్వాలని షెడ్డు యజమాని, అందరి నోటా మొదలాళి, వెంకటరామన్‌కు ఏనాడూ తోచలేదు. అద్దాల గదిలో ఏసీ వేసుకుని కూర్చునేవాడికి ఎందుకు తోస్తుంది? అందుకని ఆడవాళ్లే ఒక ఉపాయం పట్టుకున్నారు. అంచు కత్తిరిస్తే రాలే పీలికను తొడ మీద పెట్టి, అరచేత్తో ఒక్క దొర్లు దొర్లించి, దీపానికి చేసినట్టు వత్తి చేస్తారు. ముక్కులో రెండు వైపులా పెట్టుకుంటారు. సాయంత్రం పీకి పారేస్తారు. షెడ్డులో చేరిన కొత్తపిల్లకు మగ్గం కన్నా ముందు నేర్పేది ఈ వత్తే.

పాండిసెల్వికి మొదట ఒక పక్క ముక్కులో రక్తం వచ్చినప్పుడు షెడ్డంతా ఒకే మాట అన్నది: వత్తి గీసుకుందిలే. ముక్కు మూసుకుపోయినప్పుడు అన్నది: నూగు చేరిందిలే. కన్ను కాస్త ముందుకు వచ్చేదాకా అదే మాట. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసే ఆమె మొగుడు మహేశ్వరన్ కూడా అదే అన్నాడు. అతనికీ రోజూ తుమ్ములే కదా. అట్లా నెలలు పోయాయి.

ఆ తప్పు ఒకసారి చేశారు. ఇప్పుడు దాన్ని తిరగేసి మళ్లీ చేయబోతున్నారు.

*

చివరికి చెప్పింది ఆమె అత్త రాక్కమ్మాళ్. పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని కాఫీ తాగుతూ కోడల్ని పిలిచింది.

"ఏమే సెల్వీ, ఇట్ల రా."

"ఏందత్తా?"

"నా మొగం మింద ఊపిరి వుడువు."

"ఏంటికి?"

"వుడువంటే వుడువు. కారణం చెప్తేగాని ఊపిరి రాదా నీకు?"

పాండిసెల్వి వంగి ఊపిరి వదిలింది. ముసలామె మొహం తిప్పుకోలేదు. నోటి దగ్గర వాసన చూసింది, ముక్కు దగ్గర చూసింది, గ్లాసు కింద పెట్టింది.

"నోరు గాదు. ముక్కే. గోడసందులో ఎలక చచ్చినట్ల వుండాది."

వాకిట్లో పళ్లు తోముకుంటున్న మహేశ్వరన్ నురగతోనే అరిచాడు. "అమ్మా! సుమ్మా వుండవా?"

"నువ్వు సుమ్మా వుండినందుకే ఇంత దూరం వచ్చినాది. ఇంట్లో వేడిగా వుండాదని తిన్నె మింద పడుకుంటా వుండావే, ఇది మార్గళి మాసంరా! నేను రెండు దుప్పట్లు కప్పుకుంటా వుండాను. నీకొక్కడికే వేడెట్ల వచ్చినాది?"

పాండిసెల్వి మొగుడి వైపు చూసింది. "నిజమా మామా?"

అతను బ్రష్ చేతిలో పట్టుకుని నేల చూశాడు. ఆమెకు జవాబు దొరికింది. షేర్ ఆటో గుర్తుకొచ్చింది. చాప గుర్తుకొచ్చింది. ఒక్కొక్క మొహం వరసగా గుర్తుకొచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుంది.

"మళ్లీ వచ్చేసినాది" అంది మెల్లిగా.

ఆ మాట ఎందుకు వచ్చిందంటే, కొన్నాళ్లుగా ముక్కు ఒక పక్క బిగుసుకుపోయి ఉంది. రుమాలుకు అప్పుడప్పుడు ఎర్రటి చార అంటుతోంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. వాళ్లు ఆమె దగ్గర కంపు దాచారు, ఆమె వాళ్ల దగ్గర రక్తం దాచింది. మదురై డాక్టరు రమ్మన్న తేదీ కూడా దాటిపోయింది. పోతే ఏం చెబుతాడోనని భయం.

ఆ రోజే రాజపాళయంలో చెవి, ముక్కు చూసే డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన లైటు వేసి చూశాడు. లోపలంతా నల్లటి పొక్కులు, వాటి వెనక ఏమీ కనిపించలేదు. స్కాన్ తీయించాడు. బొమ్మ చూసి నిట్టూర్చాడు. "పైన, కోసినచోటే, ముద్ద ఉంది. మళ్లీ వచ్చినట్టే ఉంది. ఆపరేషన్ చేసినవాళ్ల దగ్గరికే పోండి."

వాళ్లు ఊరు చేరేలోపే వార్త చేరింది. సాయంత్రానికి వీధి తీర్పు చెప్పేసింది. తలలో కత్తి పెట్టించుకున్నవాళ్లు బాగుపడింది ఎక్కడ? రెండేళ్లు ఉంది, అదే పుణ్యం. ఇన్నాళ్లూ కంపుకు ముక్కు మూసుకున్నవాళ్లంతా ఇప్పుడు పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చారు. బతికున్న మనిషిని చూడటానికి కాదు, ఆఖరిసారి చూడటానికి. కమలాపండ్లు అరుగు మీద కుప్ప పడ్డాయి. ఎవరూ తినలేదు.

*

"నేను రాను" అంది పాండిసెల్వి. "మళ్లీ కత్తి పెట్టించుకోను. ముక్కులోంచి నీళ్లు కారతా వుంటే, అది మెదడు నీళ్లేమో అని పట్టి పట్టి చూసుకుంటా కూర్చోను. కరెంటు పెట్టించుకోను. ఇక్కడే వుంటాను, పోతే పోతాను."

మహేశ్వరన్ బతిమాలాడు. బెదిరించాడు. అతనికి తెలిసినవల్లా ఆ రెండు పనులే, రెండూ పనిచేయలేదు. తిన్నె మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

షెడ్డు వదిలి నేరుగా వచ్చింది అముదా. పాండిసెల్వికి మగ్గం పక్క మగ్గం ఆమెది, వరసకు మరదలు. జుట్టు మీద ఇంకా నూగు ఉంది. వచ్చీ రాగానే పండ్ల కుప్పను చూసింది.

"ఏంది వదినే, పండ్ల కడై పెట్టినావా?"

"పోవే. నీకు ఆటగా వుండాది. నువ్వు గూడా చాప వుడిసి పోతివి గదా."

అముదా మొహం ఎర్రబడింది. "పోయినాను. తప్పే. చెప్పుంటే ముందే పోయుందువు మదురైకి. చెప్పేదానికి నాకు నోరు రాలేదు. మాటాడేదానికి మాత్రం నోరుందా అని చెప్పుతో గొట్టు, పడతాను. ఇప్పుడు ఒకటి అడుగుతాను, చెప్పు. అప్పుడు ఆ మదురై డాక్టరు ఏం చెప్పినాడు?"

"ఏం చెప్పినాడు?"

"నీ ముందరే గదా చెప్పినాడు! ఈ రోగం పూరా కోసి తీసేస్తే, పదిమందిలో ఏడెనిమిదిమంది ఐదేండ్లు దాటి బాగుంటారన్నాడు. ఈ వీధి ఏం చెప్పినాది? పదిమందీ చస్తారన్నాది. నువ్వు ఎవుర్ని నమ్మినావు?"

"డాక్టర్ని."

"నిలిచినావా లేదా?"

"నిలిచినాను."

"మళ్లా ఇప్పుడు వీధినేంటికి నమ్ముతా వుండావు?"

పాండిసెల్వి కుప్పలోంచి ఒక పండు తీసి చేతిలో తిప్పింది. తర్వాత అడిగింది. "ఏడెనిమిదిమంది సరే. మిగిలిన ఇద్దురు ముగ్గురిలో నేనుంటే?"

మాటకారులంతా మూగబోయే ప్రశ్న అది. రాక్కమ్మాళ్ ఒక్కతే మూగబోలేదు. లోపల్నుంచి సంచి తెచ్చి కోడలి ఒళ్లో పడేసింది. అందులో చీరలు అప్పటికే సర్ది ఉన్నాయి.

"వుంటే వుండు. పోయి తెలుసుకోనైనా చావు. తెలీకుండా చస్తే నాకు పిచ్చెక్కుతాది. ఏంటికి చచ్చినాదో ఏమో అని నా పానం వుండే దినమంతా నేను యోచన చేసుకుంటా కూర్చోవల్ల. నీకేం, నువ్వు పోయుంటావు. అవస్థ నాది గదా!"

పాండిసెల్వికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "నువ్వూ వస్తావా అత్తా?"

"రాకుండా? నీ మొగుడ్ని నమ్మి పంపిస్తానా? వాడు డాక్టరు ముందర గూడా మర్యాదగా నిలబడి వచ్చేస్తాడు."

*

మదురైలో ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు తమిళ్సెల్వన్. ఇంట్లో తెలుగు మాట్లాడే వీళ్లతో ఆయన మాట్లాడేది తమిళమే. స్కాన్ బొమ్మను వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ముద్ద ఉంది. కాని ముద్దలో గాలి బుడగలున్నాయి. గడ్డలో గాలి ఎందుకుంటుంది?" అని తనలో తనే అనుకున్నాడు. తర్వాత, రమ్మన్నప్పుడు ఎందుకు రాలేదని కోప్పడ్డాడు. ఉప్పునీళ్లతో రోజూ ముక్కు కడుక్కోమంటే కడుక్కుంటున్నావా అని అడిగాడు.

"ఒక ఏడాది కడిగినాను సార్. మళ్లా బాగయినాది గదా అని..."

"బాగయింది గదా అని" అని ఆయన ఆ మాటనే తిరిగి అన్నాడు. ఇట్లాంటివాళ్లను రోజూ చూసే మనిషి మొహం అది.

కుర్చీలో కూర్చోబెట్టి, మందు చల్లి, సన్నని గొట్టం పంపారు. లోపలి బొమ్మ టీవీలో కనబడుతోంది. మహేశ్వరన్ కళ్లు మూసుకున్నాడు. రాక్కమ్మాళ్ మూసుకోలేదు, టీవీకి జానెడు దూరంలో నిలబడింది. నర్సు వెనక్కి లాగింది. ముసలామె మళ్లీ ముందుకు పోయింది.

పాండిసెల్వి టీవీ వైపు చూడలేదు. కుర్చీ చేతిని పట్టుకుని డాక్టరు మొహాన్నే చూస్తోంది. ఉన్నదేదో ఆ మొహంలోనే ముందు కనబడుతుందని ఆమెకు తెలుసు.

పొక్కులు ఒక్కొక్కటే లాగారు. గదంతా కంపు లేచింది. నర్సు మాస్కు మీద చెయ్యి పెట్టుకుంది. పొక్కుల వెనక పైన, పచ్చగా, బూడిదగా, జిగటగా ఏదో అతుక్కుని ఉంది. డాక్టరు పట్టకారుతో పట్టి మెల్లిగా లాగాడు. అది కొంచెం వచ్చి ఆగింది. మళ్లీ లాగాడు. జారి బయటికి వచ్చింది, వేలంత పొడుగు. పళ్లెంలో పెట్టి నీళ్లు పోశాడు. నీళ్లలో అది విచ్చుకుంది. దారాలు కనబడ్డాయి.

"తుణి" అన్నాడు డాక్టరు. "ఇది గుడ్డ!"

అంటూండగానే ఆయన మొహం పాలిపోయింది. ఆ మొహాన్నే చూస్తున్న పాండిసెల్వి, రోగమే అనుకుంది. ఆయన నర్సు వైపు తిరిగి, గొంతు తగ్గించి, గబగబా ఏదో అడిగాడు. ఆపరేషన్‌లో పెట్టిన గుడ్డలన్నీ బయటికి తీశామా? ఎవరు చూశారు? నర్సు పాత కేసు కాగితాలు తిరగేసింది. తమ చేతులతోనే లోపల గుడ్డ పెట్టి మరిచిపోయామనుకున్నారు పాపం.

పాండిసెల్వి మెడ సాచి పళ్లెంలోకి చూసింది. పాచి పట్టినా, కుళ్లినా, ఒక కొస ఇంకా మెలి తిరిగే ఉంది. తొడ మీద పెట్టి, అరచేత్తో ఒక్క దొర్లు.

"సార్" అంది. "అది మీది కాదు సార్. నాది."

"నీదా?"

"వత్తి సార్."

డాక్టరుకు అర్థం కాలేదు. మహేశ్వరన్ కళ్లు తెరిచాడు. ఆపరేషన్ తర్వాత మళ్లీ షెడ్డులో చేరినప్పుడు మొహానికి గుడ్డ కట్టుకుంటానని ఆమె అందరికీ చెప్పింది. కట్టుకుంది కూడా. కాని చెయ్యి ఊరుకోదు కదా. పీలిక దొరికితే తొడ మీద పెడుతుంది, దొర్లిస్తుంది, ముక్కులో పెడుతుంది. ఇరవై ఏళ్ల అలవాటుకు బుద్ధితో పని లేదు. ఒక సాయంత్రం చూసుకుంటే ఒక వైపు వత్తి లేదు. ఎక్కడో రాలిపోయిందనుకుంది. లోపల స్పర్శ కూడా సగం పోయిన ముక్కు కదా, పైకి జారిందని తెలియలేదు. ఇదంతా తడబడుతూ చెప్పింది.

డాక్టరు స్టూలు మీద కూలబడ్డాడు. "అమ్మా, అందరి ముక్కులోనూ సందు ఉంటుంది. నీ ముక్కులో సందు లేదు, హాలు ఉంది. గోడా పైకప్పూ నేనే తీసేశాను. అక్కడ వత్తి పెడితే ఆగుతుందా? ఆ కుళ్లుకీ నీ మెదడుకీ మధ్య తొడలోంచి తీసిన పొర ఒక్కటే అడ్డం. అది చిరిగి ఉంటే రోగం అక్కర్లేదు, నీ వత్తే నిన్ను చంపేది."

"రోగం?" అంది పాండిసెల్వి. ఆమె విన్నది ఆ ఒక్క మాటే. "రోగం లేదా సార్?"

ఆయన మళ్లీ గొట్టం పంపాడు. గుడ్డ ఉన్న చోటు ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. దాని చుట్టూ చర్మం నున్నగా, గులాబీ రంగులో ఉంది. "కంటికి ఏమీ కనబడలేదు. కాని కంటిని నమ్మి పంపించను" అన్నాడు. చిటికెడు ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఇంకో స్కాన్ తీయించాడు. ఆస్పత్రిలోనే ఉండమన్నాడు. ఆ గది దాటగానే రాక్కమ్మాళ్ నోరు తెరిచింది.

"మొదటి తూరి రోగాన్ని పట్టుకుని వత్తి అన్నారు. ఈ తూరి వత్తిని పట్టుకుని రోగమన్నారు. మీ అందురికీ కండ్లేంటికి వుండాయి, కాటుక పెట్టుకునేదానికా?"

*

ముక్క పరీక్ష ఫలితం వచ్చేదాకా ముగ్గురూ ఆస్పత్రి వరండాలో ఇడ్లీలు తింటూ, తినకుండా, గడిపారు. నవ్వడానికి భయం. ఏడవడానికీ భయం. పాండిసెల్వి ఎవరు తలుపు తీసినా లేచి నిలబడేది.

డాక్టరే బయటికి వచ్చి చెప్పాడు. "లేదు. ముక్కలో లేదు, స్కాన్‌లో లేదు. నువ్వు ఆ ఏడెనిమిదిమందిలోనే ఉన్నావు. ఇప్పటికి."

"ఇప్పటికి అంటే?"

"ఇప్పటికి అంటే ఇప్పటికి. ఈ రోగం పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. రాదని నేను మాట ఇవ్వను. వచ్చినా తొందరగా చూస్తే మళ్లీ తీయొచ్చు. అందుకే రమ్మన్నప్పుడు రావాలి. భయం వేస్తే భయంతోనే రా. నూగులోకి పోకు. ముక్కు కడుక్కో. ఇంట్లో ఎవరైనా రోజూ నీ ఊపిరి వాసన చూడాలి."

"నేను చూస్తాను సార్" అంది రాక్కమ్మాళ్. "వీండ్లు చూస్తే చెప్పరు."

మహేశ్వరన్ తమిళంలో నన్రి చెప్పబోయి, గోడ వైపు తిరిగాడు. పాండిసెల్వి మెట్ల మీద కూర్చుని చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు తీరాక ముక్కు చీదింది. రెండు వైపులా గాలి ఆడింది. ఎన్నాళ్లకు! మళ్లీ చీది చూసింది. ఆడింది. అముదాకు ఫోను చేసింది. మగ్గాల మోత వినబడింది, దాని మీద ముక్కు మూసుకుపోయిన గొంతు.

"ఏంది వదిదే? ఏబైదాది?"

"ముందు నీ ముక్కులో వత్తి తీయవే!"

"ఏంటికి?"

"తీస్తేనే చెప్తాను."

కాస్త ఆగి, మామూలు గొంతు వచ్చింది. "తీసినాను. చెప్పు. పానం పోతా వుండాది."

పాండిసెల్వి చెప్పింది. తర్వాత అముదా ఏడుస్తూ నవ్వుతూ అందరినీ పిలవడం, ఒక్కొక్క మగ్గం ఆగిపోవడం వినబడింది. ఎవరో తమిళంలో అరిచారు, ఎవరో చప్పట్లు కొట్టారు. వెంకటరామన్ గొంతు కూడా దూరంగా వినబడింది, మగ్గాలెందుకు ఆపారని.

"చెప్తాం మొదలాళీ, చెప్తాం" అంటోంది అముదా. "వదినే, ఇప్పుడే అందురి వత్తులూ తీసి ఆయన మేజా మింద పెడతా వుండాం. మాస్క్ ఇచ్చినాకే మగ్గం. నువ్వు మెల్లిగా రా."

*

ఊరికి పోయే బస్సులో జనం బాగానే ఉన్నారు. శ్రీవిల్లిపుత్తూరులో ఒక నడివయసు ఆడమనిషి ఎక్కింది, చంకలో ఎండుచేపల గంప. బస్సంతా కరువాడు, కరువాడని గగ్గోలు పెట్టింది. గంప పైన పెట్టమన్నారు, కింద పెట్టమన్నారు, అసలు దిగిపొమ్మన్నారు. మహేశ్వరన్ కూడా రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఎక్కడ కూర్చోబోయినా అక్కడివాళ్లు కాళ్లు అడ్డం పెట్టారు. గంప పట్టుకుని నడిమిలో నిలబడిపోయింది.

పాండిసెల్వి ఆ మొహాన్ని చూసింది. ఆ మొహం ఆమెకు బాగా తెలుసు. మొగుణ్ని మోచేత్తో నెట్టింది.

"లే మామా. పోయి వెనక నిలబడు. తిన్నె మింద పడుకున్నోనివి గదా, నిలబడేదానికేం?"

అతను లేచాడు. ఆమె కిటికీ వైపు జరిగి, పక్క చోటు చేత్తో తట్టింది.

"రా అక్కా, కూర్చో. నాకు ఏ వాసనా తెలీదు."

ఆమె అనుమానంగా చూసి కూర్చుంది. గంప ఇద్దరి ఒళ్లలో సగం సగం పడింది. బస్సు కదిలింది. వెనక సీట్లోంచి రాక్కమ్మాళ్ ముందుకు వంగి కోడలి భుజం మీద తల పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఏం అత్తా, ఎట్ల వుండాది?"

"కరువాడు వాసన తప్ప ఏం లేదు" అంది ముసలామె. "బాగుండాది."